మూడు గాట్ల కత్తి

నేను కత్తులు పోగుచేస్తానని చెబితే మనుషులు ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా చేతులు చూస్తారు, ఆ తర్వాత కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. వాళ్ళు అంత జాగ్రత్త పడాల్సిన పనేం లేదు. మామిడికాయ కోయమంటే వేలు కోసుకునే రకం నేను. మా ఇంట్లో కూరగాయలు తరిగే పని నాకు ఇవ్వరు. చిక్కుడుకాయలు మాత్రం ఇస్తారు, అవి చేత్తో తుంచేవి కాబట్టి.

పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉట్నూర్, ఆదిలాబాద్, మెట్‌పల్లి, చివరికి కరీంనగర్. ఊళ్ళల్లో నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. డాక్టర్ సాబ్ వేరే ఉన్నాడని, నేను ఆయన వెనక పెట్టె మోసేవాణ్ణని సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ పిలుపు చెవికి బాగుండేది.

తిరిగిన చోటల్లా కత్తులు దొరికాయి. తాళ్ళెక్కే గౌడ్ వాడే గీత కత్తి, చెప్పులు కుట్టే ఆయన తోలు కోసే కత్తి, మడిచి పెట్టుకునే మంగలి కత్తి, మటన్ దుకాణంలో అరిగి అరిగి సగమైన కత్తి. మొత్తం ఇరవై ఆరు. కొన్నవి తక్కువ. నాకొక పద్ధతి ఉండేది. ఇంటి గోడకు మంచి కత్తి కనిపిస్తే దాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టేవాణ్ణి. పశువుకు మందు వేస్తూ ఒకసారి, చెయ్యి కడుక్కుంటూ ఒకసారి, చాయ్ తాగుతూ మరోసారి. మూడో మెచ్చుకోలుకు ఇంటాయన లేచి దాన్ని గోడ మీంచి తీసి నా చేతిలో పెట్టేవాడు. జనానికి నా మీద ఎంత ప్రేమో అని పొంగిపోయేవాణ్ణి.

ఇవన్నీ మంచం కింద రేకు పెట్టెలో ఉండేవి. అలాగే ఉండిపోయేవేమో, కానీ మా కాలనీలో ఒక పెద్దాయన పోయాడు. రిటైరైన టీచర్, పాత తాళాలు పోగుచేసేవాడు. ఏ తాళం ఏ దొర గడిదో, ఏ కొట్టుదో ఆయనకు నోటికొచ్చు. నోటికే వచ్చు, కాగితం మీద ముక్క రాయలేదు. దినాలు కాగానే ఆ తాళాలన్నీ గోనెసంచుల్లో పాత ఇనుపసామాన్ల బండెక్కాయి. మా గేటు ముందు నుంచే పోయింది బండి. సంచుల్లోంచి గలగలమని చప్పుడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఆయన కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి నా రేకు పెట్టె కోసం.

మర్నాడే పోయి గట్టి అట్ట ఉన్న పెద్ద రిజిస్టర్ కొన్నాను. ప్రతి కత్తికీ ఒక పేజీ. ఎవరు చేశారు, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చింది, నాకెలా చేరింది. భావితరాల కోసం అని మొదటి పేజీలో రాశాను. మా ఇంట్లో భావితరం అంటే ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఒక్కతే. ఆదిలాబాద్‌లో ఉంటుంది; అల్లుడు అక్కడ జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. ఆ పిల్ల ఒకసారి పెట్టె మొత్తం చూసి, వీటిలో కేకు కోసేది ఏది తాతా అని అడిగింది. ఆ ప్రశ్న నన్నేమీ నిరుత్సాహపరచలేదు. ముందుమాట మొదలుపెట్టాను. పదకొండు పేజీలు వచ్చింది. మానవుడు మొట్టమొదట రాయిని పదును పెట్టిన దగ్గర నుంచి ఎత్తుకున్నాను. మా ఆవిడ రెండు పేజీలు చదివి, కత్తులు ఎప్పుడొస్తాయని అడిగింది.

కత్తులు పన్నెండో పేజీలో వచ్చాయి. ఒకటో నంబరు నా పెట్టెకే తలమానికమైనది. జానెడున్నర పొడవున వెడల్పాటి పలక, కొసకు కొంచెం లోపలికి వంపు, టేకు పిడి, పిడికి రెండు ఇత్తడి కట్లు. పిడి మీద ఒక పక్కన లోతుగా కోసిన మూడు గాట్లు. ఉట్నూర్ అవతల ఒక గోండు గూడెంలో ముప్ఫై ఏళ్ళ కిందట దొరికింది. ఆ ఇంటి పూర్వీకుడు గొప్ప వేటగాడని, ఒక్కొక్క గాటు ఆయన చంపిన ఒక్కొక్క పులికి గుర్తని నేను ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. చుట్టాలకు చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఒకసారి కరీంనగర్‌లో ఒక బడివాళ్ళు పిలిస్తే పిల్లల ముందు స్టేజీ ఎక్కి చెప్పాను. స్టేజీ మీద మూడో పులి ఆయన్ని కొంచెం గాయపరిచి మరీ చచ్చింది.

ఆ పేజీ మహా ఊపుగా మొదలుపెట్టి, 'ఎవరి దగ్గర నుంచి' అన్న గడి దగ్గర ఆగిపోయాను. నాకు కత్తి ఇచ్చినాయన పేరు తెలియదు. మర్చిపోవడం కాదు, అసలు అడగనే లేదు. ఆయన ఎద్దు ఏ రంగుదో గుర్తుంది, దాని పొట్ట ఏ పక్కన ఉబ్బిందో గుర్తుంది, వాకిట్లో ఎంత ఎండగా ఉందో గుర్తుంది. మనిషి పేరు మాత్రం ఎన్నడూ నా చెవిన పడలేదు. పదకొండు పేజీల ముందుమాట రాసినవాడు ఒక్క గడి నింపలేక రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి, పోయి అడిగి వస్తానని బయల్దేరాను.

కత్తిని తువ్వాలులో చుట్టి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను, పైన రెండు అరటిపళ్ళు వేశాను. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరు ఎక్కినా పోలీసేమోనని చూస్తూ ఆదిలాబాద్ దాకా పోయాను. రాత్రి బిడ్డ ఇంట్లో పడుకుని పొద్దున ఉట్నూర్ బస్సెక్కాను. అక్కడి నుంచి జీపు. జీపులో నాతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు, రెండు మేకలు, ఒక పత్తి విత్తనాల సంచి. మేకలు నన్ను గుర్తుపట్టినట్టు దూరంగా జరిగాయి.

గూడెం మారింది. రోడ్డు పడింది, సగం ఇళ్ళ మీద రేకులొచ్చాయి. కానీ ఆ ఇల్లు తేలిగ్గానే దొరికింది. ముసలాయన వాకిట్లో మంచం మీద కూర్చుని నులక తాడు పేనుతున్నాడు. నేను ఎవరో చెప్పుకున్నాను. ఆయనకు నేను గుర్తు రాలేదు, ఎద్దు గుర్తొచ్చింది. గొట్టం పొడిచి పొట్టలో గాలి తీసిన సంగతి చెప్పగానే మొహం వెలిగింది. ఆ ఎద్దు తర్వాత ఇంకా ఎన్నో ఏళ్ళు దున్నిందట. కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు. లోపల నుంచి నలభై ఏళ్ళ ఒకామె చాయ్ తెచ్చింది. వాళ్ళ రెండో బిడ్డట, అదే ఊళ్ళో ఇచ్చారట.

చాయ్ తాగి, రిజిస్టర్ మోకాళ్ళ మీద తెరిచి, పెన్ను తీసి, తువ్వాలు విప్పాను. దీని చరిత్ర రాసిపెడుతున్నాను దాదా, రాబోయే తరాలు తెలుసుకోవాలి అన్నాను. ఆయన కత్తిని చూశాడు. మొహంలో వెలుగు పోయింది. ఒకసారి పెరడు వైపు తిరిగి చూసి, చేత్తో సైగ చేశాడు, చుట్టిపెట్టమన్నట్టు. నాకు అర్థం కాలేదు. పూర్వీకుల వస్తువు చూసి మనసు కలత చెందిందనుకున్నాను. ముందుమాటలో దీనికి ఒక పేరా చేర్చాలని కూడా అనుకున్నాను.

అప్పుడే ఆయన భార్య పెరట్లోంచి మక్కకంకుల గంపతో వచ్చింది. గంప దింపింది. నా చేతిలో ఉన్నదాన్ని చూసింది. దగ్గరికొచ్చి, నన్ను అడగకుండానే తీసుకుని, పిడిని తిప్పి గాట్ల మీద బొటనవేలు పెట్టింది.

"గిది నాది" అంది.

నేను నవ్వి, అవును బాయి, మీ ఇంటిదే, దాదాయే నాకు ఇచ్చాడు, మీ పెద్దల వేట కత్తి కదా అన్నాను. ఆమె నా మాట విన్నట్టు లేదు.

"గీ మూడు గాట్లు నేను పెట్టిన. నా తోడికోడలుది రెండు గాట్లు. కలిసిపోవద్దని పెట్టుకున్నం. ఒక్కనాడు నేను అంగడికి పోయొచ్చేసరికి గోడకు లేదు. ఏదని అడిగితే వాగుల పడ్డదన్నడు. రెండు దినాలు వాగుల దేవులాడిన."

ముసలాయన తాడు పేనడం ఆపలేదు. ఇంకొంచెం వేగంగా పేనుతున్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి గోండీలో మాట్లాడింది. నాకు గోండీ రాదు. ఉట్నూర్‌లో నాలుగేళ్ళున్నా నేర్చుకోలేదు. కానీ ఆ మాటలకు తర్జుమా అవసరం లేకపోయింది. చాలాసేపు మాట్లాడింది. ముప్ఫై ఏళ్ళ కిందటి రెండు రోజులు, మోకాలి లోతు నీళ్ళు, అన్నీ అందులో ఉన్నాయని ఆమె చేతులు చెబుతున్నాయి. చాయ్ తెచ్చిన బిడ్డ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన చివరికి నా వైపు చూపించాడు.

"డాక్టర్ సాబ్ బగ్గ మెచ్చుకుండు. ఎద్దును బతికిచ్చిండు. ఎట్ల ఇయ్యకుంట ఉండాలె?"

మరి పులులు అని అడిగాను నేను. ఆ సమయంలో అడగవలసిన మాట కాదు, కానీ మూడు పులులు నాతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాయి.

"పులులా అని నువ్వే అడిగినవ్. నేను ఔ అన్న" అన్నాడాయన.

నిజమే. నాకిప్పుడు బాగా గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకుని, ఇవి పులుల గుర్తులేనా అని నేనే అడిగాను. గవర్నమెంటు మనిషి అడిగితే ఎవరు కాదంటారు? ఏనుగులా అని అడిగినా ఔననేవాడు.

ఆమె కోపం అంతా ఆయన మీదే పోయింది, నాకేమీ మిగల్లేదు. నాకు అది ఇంకా కష్టంగా ఉండింది. ఆమె మక్కకంకి ఒకటి తీసి కత్తితో కాడ కొట్టబోయింది. పలక జారిపోయింది. ఇంకోసారి వేసింది, మళ్ళీ జారింది. వేలితో పలకను రుద్ది, ఏం పూశావని అడిగింది. తుప్పు పట్టకుండా ఏటా వార్నిష్ పూసేవాణ్ణి. పాత వస్తువు గౌరవం పోతుందని ఒక్కసారి కూడా సాన పట్టించలేదు. ఆ మాట చెబితే తల్లీబిడ్డలు ఒకరినొకరు చూసుకున్నారు. పాడి గేదెను గదిలో పెట్టి తాళం వేశానని చెప్పినా అలాగే చూసి ఉండేవారు.

రిజిస్టర్ ఇంకా తెరిచే ఉంది. మూసి లేచిపోదామనుకున్నాను. ఏం రాస్తావో రాయి, చెబుతా అని ఆమే అంది. ముందు పేరు చెప్పింది. ఇక్కడ రాయను, రిజిస్టర్లో రాశాను. ఆ కత్తి వాళ్ళ అన్న ఆమె పెళ్ళికి చేయించి ఇచ్చాడట. ఉట్నూర్ దారిలో ఒక లారీ చెడిపోయి చాలా రోజులు పడి ఉంటే, దాని చక్రం మీది కమాను పట్టీ విరిగిన ముక్క తెచ్చి కమ్మరికి ఇచ్చాడట. నేను మూడు వందల ఏళ్ళ నాటి ఉక్కు అని రాసుకున్నది లారీ కమాను. దానితో వెదురు చీరింది, చింతపండు కొట్టింది, ఇంట్లోకొచ్చిన పామును ఒకసారి చంపింది.

తర్వాత బిడ్డను చూపించి, "దీని బొడ్డు గీ కత్తితోనే కోసిండ్రు. వాన పడ్డది, ఎవలు రాలే. మా అత్త నీళ్ళల్ల మరగవెట్టి కోసింది" అంది.

ఆ బిడ్డకు ఈ సంగతి తెలిసినట్టు లేదు. వచ్చి కత్తిని చేతిలోకి తీసుకుని రెండు పక్కలా చూసింది, తల్లికి ఇచ్చేసింది. నేను రాస్తూనే ఉన్నాను. పెన్ను కాగితం మీద మామూలు కంటే గట్టిగా ఒత్తుకుంటోందని మాత్రం తెలిసింది.

లేచేటప్పుడు ఒక గొప్ప పని చేశాను. కత్తిని రెండు చేతులతో పట్టుకుని, ఇది మీది బాయి, మీ దగ్గరే ఉండాలి అన్నాను. గొంతు కొంచెం వణికించాను కూడా. ఆమె వద్దంటుందని, ఇన్నేళ్ళు భద్రంగా దాచావు నువ్వే ఉంచుకో అంటుందని, నేను బరువెక్కిన గుండెతో దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టుకుంటానని ఊహించుకున్నాను.

"ఇటు తే" అందామె. తీసుకుని బిడ్డకిచ్చింది, కమ్మరి దగ్గర సాన పట్టించుకు రమ్మని. ఆ బిడ్డ అప్పటికప్పుడే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ముసలాయన నన్ను జీపు దాకా సాగనంపాడు. జీపు ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, మల్ల రాకు సాబ్ అన్నట్టే ఒక చూపు చూశాడు. నోటితో మాత్రం, నెమ్మదిగా పో అన్నాడు.

వాపసు ప్రయాణంలో సంచిలో రెండు అరటిపళ్ళు, ఒక తువ్వాలు. నేను చాలా మంచి పని చేశానని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. ఉట్నూర్ దాటేదాకా ఆ మాట నిలబడింది. ఆ తర్వాత నిలబడలేదు. నా పెట్టెలో అంత అందమైన కత్తి ఇంకోటి లేదు. వద్దంటే ఏం పోయేది ఆమెకు అనుకున్నాను. ఇలా అనుకున్నానని కూడా రాయాలి కదా, అందుకే రాస్తున్నాను. ఒకటో నంబరు పేజీ నిండుగా ఉంది, తప్పుల్లేకుండా ఉంది, కత్తి ఒక్కటే లేదు. పెట్టెలో ఇరవై అయిదు కత్తులున్నాయి, వాటికి అడిగి రాసిన చరిత్ర లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు జరిగింది చెప్పాను. వాగులో వెతికిన చోట ఆమె ఊఁ కొట్టడం మానేసింది. మొత్తం విని, లోపలికి పోయి, మంచం కింద పెట్టె లాగి, కాసేపు వెతికి, ఏడో నంబరు కత్తి తెచ్చి నా ముందు పెట్టింది. చిన్నది, అరచేతంత పలక, పిడికి పసుపుపచ్చని మరక. మెట్‌పల్లి అంగడిలో దొరికిన అరుదైన వస్తువని, పిడి మీద ఉన్నది పాతకాలపు లేపనం కావచ్చని, పలక ఒక పక్కనే అరగదీసి ఉండటం నాసిరకం పనితనమని, ఒకటో నంబరు దగ్గర ఆగిపోయిన రోజుల్లోనే దీని పేజీలో రాసి ఉంచాను.

"గిది మా అవ్వది" అంది.

అవ్వ అంటే వాళ్ళమ్మ, మా అత్త. నేను కాదన్నాను. అంగడిలో కొన్న జ్ఞాపకం నాకు స్పష్టంగా ఉంది. దుకాణదారు తలకు కట్టుకున్న రుమాలు రంగు కూడా చెప్పగలను. ఆవిడ శాంతంగా విని, మా బావమరిది దుబాయి నుంచి వచ్చి పాత ఇల్లు విప్పి స్లాబు వేసినప్పుడు వాకిట్లో పాత సామాను కుప్ప పోశారని, నేను ఆ కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగానని, మూడోసారి తిరిగాక ఈ కత్తి నా జేబులో ఉందని చెప్పింది. చెప్పగానే ఆ కుప్ప నా కళ్ళ ముందుకొచ్చింది. రుమాలు దుకాణదారు ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను. మన ఇంట్లోనే ఉన్నది కదా, ఎటు పోతది అని ఊకున్నానంది.

పసుపు మరక లేపనం కాదు, పసుపే. మా అత్త ప్రతి ఏడూ పసుపు తవ్వినప్పుడు కొమ్ములు వేరుచేయడానికి దీన్నే వాడేది. ఆ పేజీ కొట్టేసి కొత్తగా రాయడానికి కూర్చున్నాను. ఈసారి ముందే అడిగి రాస్తున్నాను, ఒక్క మాట సొంతంగా కలపకుండా. ఒక చోట ఆగి, మరి పలక ఈ పక్క ఎందుకు ఇలా అరిగింది, కమ్మరి సరిగ్గా చేయలేదా అన్నాను.

మా ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"మా అవ్వది ఎడమ చెయ్యి. ఇరవై ఏండ్లు ఆమె చేతి అన్నం తిన్నవ్. ఎన్నడు చూడలేదా?"

చూడలేదు. ఆమె వడ్డించినవన్నీ గుర్తున్నాయి, పచ్చిపులుసు, సర్వపిండి, కోడికూర, ఏ పండక్కి ఏది ఎంత కారంగా ఉండేదో కూడా. ఏ చేత్తో కోసేదో, ఏ చేత్తో కలిపేదో గుర్తులేదు. పట్టుకుని చూపించమన్నాను. ఆవిడ వంటింట్లోంచి నాలుగు బెండకాయలు తెచ్చి, కత్తిని ఎడమ చేతిలోకి మార్చుకుని కోయబోయింది. ఆమెది కుడిచెయ్యి వాటం, సరిగ్గా రాలేదు. ముక్కలు వంకరగా తెగాయి. రెండో కాయకు కొంచెం నయం. ఇట్లా కాదు, మణికట్టు ఇంకా వంగేది అని తనలో తాను అనుకుంటూ మూడో కాయ తీసుకుంది. నేను పెన్ను పక్కన పెట్టి, ఆమె మణికట్టు ఎట్లా తిరుగుతోందో చూస్తూ కూర్చున్నాను.